మొలలనెడి మాట

ఈ వ్యాసమును వ్రాయవచ్చునా, వ్రాయరాదా యని మేము రెండు మాసములు సందేహించితిమి. కుటుంబములో నెల్లరును చదువు పత్రికయందు ప్రేగులను గూర్చియు, మలమును గూర్చియు ప్రసంగించుట మర్యాద గాదని మిత్రు లొకరిద్దఱు చెప్పిరి. మర్యాద మంచిదే. కాని యా మర్యాద మా తండ్రిగారి విషయమున నేమి చేసెనో, మా విషయమున నేమి చేయబోయెనో తలచుకొనగా, వ్రాయకుండుటయే తప్పని తోచినది. పాఠకులు, ముఖ్యముగా గృహమును నడుపు సోదరీమణులు, మమ్ము మన్నించి తుదివఱకు చదువుదురు గాక.

గత సంవత్సరమున కంతకు ముందటి శ్రావణమాసములో నొకనాటి యుదయము, మలముతో కూడ నెత్తురు చార యొకటి కనబడినది. నొప్పి లేదు. మఱునాడు నెత్తురును లేదు. పది దినములకు మరల కనబడినది. ఆ క్షణముననే మా మనస్సున నొక మాట మెదలినది: మొలలు. ఆ మాట దొరకగానే మాకు కలిగిన నెమ్మది యింతింత యనరాదు. గంటలకొలది కుర్చీలో కూర్చుండి విద్యార్థుల పత్రములు దిద్దు నలువదియైదేండ్ల బడిపంతులుకు మొలలు వచ్చుట వింతయా? కారము తగ్గించితిమి. రాత్రిపూట మజ్జిగ త్రాగితిమి. మందులదుకాణమున 'వేడి చేసినది' అని గొణిగి లేపన మొకటి కొనితిమి. అతడును మఱేమియు నడుగలేదు. ఇట్లు ఎనిమిది మాసములు గడచినవి.

మేము నివసించునది సికిందరాబాదులోని బన్సీలాల్‌పేట. గాంధీ ఆసుపత్రి మాకు చేరువనే యున్నది. ఇక జంటనగరముల మాట చెప్పనక్కఱలేదు. జీర్ణకోశ వ్యాధుల చికిత్సలో, గొట్టపు పరికరములతో ప్రేగులను లోపలినుండి పరీక్షించు విద్యలో హైదరాబాదు పేరు దేశదేశముల వినబడుచున్నది. ఆ విద్యలో ప్రసిద్ధుడైన హైదరాబాదు వైద్యుడు నాగేశ్వరరెడ్డిగారికి 2025లో పద్మవిభూషణ పురస్కారము లభించినది. ఇంతటి విద్య మా వాకిటనుండగా మేము ఎనిమిది మాసములు ఊరకుంటిమి. వైద్యులు లేక కాదు, ధనము చాలక కాదు. నోరు రాక.

మా తండ్రిగారును ఈ మాటతోనే గతించిరి. మా స్వగ్రామము జనగామ ప్రాంతమున నున్నది. ఏబదియాఱవ యేట ఆయనకు నెత్తురు పడుట మొదలైనది. మొలలని ఆయనయే నిర్ణయించుకొనిరి. ఊరి వైద్యు డిచ్చిన ఆకుపసరు త్రాగిరి. పిల్లలకు తెలియగూడదని అమ్మను శాసించిరి. రెండేండ్లలో మనిషి సగమైరి. పిదప కడుపు ఉబ్బినది. పట్నమునకు తీసికొనిపోవుటకు బండి కట్టించిన దినమున ఆయనకు లేచి కూర్చుండు శక్తియు లేకుండెను. 'మొలలు ముదిరి పోయినాడు' అని ఊరివా రనుకొనిరి. మొలలు ముదిరి మనుష్యులు ఆ తీరున పోరని మేమిప్పుడు ఎఱుగుదుము. అప్పుడు ఎవ్వరును చూడలేదు. చూడని దానికి పేరు మాత్రము పెట్టితిమి.

మా పేటయందలి మెట్లబావి సంగతి పాఠకులలో కొందఱకు తెలిసియుండును. కొన్ని దశాబ్దములపాటు అది చెత్తతో నిండియుండెను. మా పిల్లలు ఆ చోటును చెత్తకుప్ప యనియే యెఱుగుదురు. అడుగున బావి కలదన్నచో నవ్వెడివారు. 2021లో చెత్త తీయుట మొదలుపెట్టి, బాగుచేసిన బావిని 2022 డిసెంబరులో ప్రజలకు తెఱచినపుడు, వరుసలు వరుసలుగా క్రిందికి దిగిన ఱాతిమెట్లను చూచి పేటవారే అబ్బురపడిరి. చెత్తకుప్ప యను పేరు స్థిరపడినంత కాలము, దిగువ నేమున్నదో చూడవలెనని ఎవరికిని తోచలేదు. మొలలనెడి మాటయు మా యింట రెండు తరములపాటు అట్టి పనినే చేసినది.

మా గుట్టు బయటపడినది ఉతుకుడు బట్టలవలన. మా గృహిణి ఒకనాడు పంచెపై మరకను చూచి, "ఇది ఎన్నాళ్లనుంచి?" అని యడిగినది.

"మొలలే" అంటిమి.

"ఎన్నాళ్లనుంచి అని అడిగితే మొలలు అంటారేమండీ? మొలలని మీకు ఎవరు చెప్పారు?"

ఎవరు చెప్పిరి? ఎవ్వరును చెప్పలేదు. ముప్పది సంవత్సరములకు చేరువగా పిల్లలకు ప్రమాణము లేనిదే దేనిని నమ్మరాదని బోధించు మేము, మా దేహమును గూర్చి ఏ ప్రమాణమును లేని మాటను ఎనిమిది మాసములు నమ్మితిమి. మఱునాడే ఆమె మమ్ము వెంటబెట్టుకొని యొక వైద్యురాలి యొద్దకు తీసికొనిపోయినది.

వైద్యురాలు పరీక్షించి, "మొలలు ఉన్నాయి సార్, చిన్నవే" అనిరి. మేము జయించినట్లు గృహిణివైపు చూచితిమి. వైద్యురాలు వెంటనే, "కాని మొలలు ఉన్నాయి కాబట్టి పైన ఇంకేమీ లేదనుకోకూడదు. రెండూ ఉండవచ్చు. లోపలికి చూడవలసిందే" అనిరి. ఈ మాట పాఠకులు జ్ఞాపక ముంచుకొనదగినది. మేము పెట్టిన పేరు అబద్ధము గాదు. అది సగము నిజము. సగము నిజమే మనుష్యుని ఎక్కువకాలము నిద్రపుచ్చును.

కొలనోస్కోపీ యను ఆ పరీక్షకు ముందు రెండు దినములు ఆకుకూరలు, గింజలు, పొట్టుగల ధాన్యములు మానివేయవలెను. ముందటి సాయంకాలము ఉప్పుప్పగా నుండు చూర్ణమును నీటిలో కలిపి రెండు లీటర్లవఱకు త్రాగవలెను. సముద్రమును ఆపోశనము పట్టిన అగస్త్యుని మాటిమాటికి తలచుకొంటిమి. ఆ రాత్రి వర్ణనమును పాఠకుల యూహకే విడిచిపెట్టుదుము. మఱునాడు స్వల్పముగా మత్తిచ్చి, దీపమును, కెమెరాయును అమర్చిన సన్నని గొట్టమును పెద్దప్రేగు మొదటివఱకు పంపి, వెనుకకు తీయుచు గోడలన్నియు చూతురు. పెద్దప్రేగు పొడవు ఇంచుమించు ఐదడుగులు. మాకు మెలకువ వచ్చునప్పటికి అంతయు ముగిసినది. రెండు పాలిపులు కనబడినవనియు, రెంటిని తీసివేసితిమనియు వైద్యురాలు చెప్పిరి. తీగ యుచ్చును పాలిపు మెడకు తగిలించి, విద్యుత్తుతో కోయు పద్ధతి యది. 1969లో న్యూయార్కు నగరమున హిరోమి షిన్యా, విలియం వుల్ఫ్ అను వైద్యులు ఈ తీరున పాలిపులను తీయుట మొదలిడిరి. అంతకు ముందు ప్రేగు పైభాగమున నున్న పాలిపును తీయవలెనన్న పొట్టను కోయవలసియుండెను.

పాలిపు లనగా ప్రేగులోపలి పొరనుండి పొడుచుకొని వచ్చు మాంసపు మొలకలు. గ్రీకు భాషలో ఆ మాటకు 'పెక్కు పాదములు గలది' యని యర్థము. మన ప్రాచీనులు ఇట్టి వానిని అంకురములనిరి. వారి పోలికయే మాకు సరసముగా తోచుచున్నది. మొలక యనగానే అది రేపేమగును అను ప్రశ్న దానితోకూడ పుట్టును గదా.

ఎనిమిది దినములకు పరీక్షాపత్రము వచ్చినది. అందు మాటలు: 'సిగ్మాయిడ్ భాగము, 12 మిల్లీమీటర్లు, పారిస్ సున్న-ఒకటి-పి, ట్యూబ్యులో విల్లస్ అడినోమా, లో గ్రేడ్ డిస్‌ప్లేషియా.' రెండవదానికి: 'రెక్టమ్, 4 మిల్లీమీటర్లు, హైపర్‌ప్లాస్టిక్.' విభాగము లేనిదే శాస్త్రము లేదని పాణినీయము చదివినపుడు నేర్చిన మేము, మా ప్రేగులకు సంబంధించిన యీ సూత్రములకు వృత్తి తెలియక తెల్లబోయితిమి. వైద్యురాలు కాగితముపై బొమ్మలు గీచి అరగంట సేపు బోధించిరి. ఒక పూట మేము విద్యార్థులమైతిమి. ఆమె చెప్పినదానిని, తరువాత చదివి తెలిసికొన్నదానిని మా మాటలలో చెప్పుదుము.

పాలిపును నాలుగు ప్రశ్నలతో విభజింతురు. ఆకార మెట్టిది? పరిమాణ మెంత? పైపొర యెట్లున్నది? సూక్ష్మదర్శినిలో కణము లెట్లున్నవి?

ఆకారమునకు సంబంధించిన విభాగము 2002లో పలుదేశముల వైద్యులు పారిస్ నగరమున సమావేశమై కుదుర్చుకొన్నది. కాడ గలిగి పుట్టగొడుగువలె నిలుచునది యొకటి. కాడ లేక గోడను కఱచుకొని కూర్చుండునది యొకటి. గోడకంటె కొంచెము మాత్రమే ఎత్తైనది, గోడతో సమమైనది, గుంట పడినది అని తక్కినవి. పైకి పొడుచుకొని వచ్చినదే భయంకరమని మన మనుకొందుము. కాదు. చిన్నదైనను గుంటపడినదానికే వైద్యులు ఎక్కువ జంకుదురు. కాడగలదానికి ఒక మేలు కలదు. తలయందలి కణములు చెడినను, ఆ చెడుగు కాడ దిగి గోడకు చేరవలెను. అది ఎంతవఱకు దిగినదో తలనుండి మొదలువఱకు మెట్లుగా లెక్కించు పద్ధతిని 1985లో హాగిట్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు ఏర్పఱచెను. మెడలోనే కోసివేసినచో గోడ నిర్మలముగా మిగులును.

పరిమాణమున ఐదు మిల్లీమీటర్లకు లోబడినవి అతిచిన్నవి, ఆఱు మొదలు తొమ్మిదివఱకు చిన్నవి, పదియు అంతకు పైబడినవి పెద్దవి. శనగగింజంత యున్నను పది దాటినచో దానిని పెద్దదనియే యెన్నుదురు.

పైపొరను గూర్చిన విభాగము మా గృహిణికి మాకంటె త్వరగా బోధపడినది. జపాను వైద్యుడు షిన్‌ఏ కుడో 1990 ప్రాంతపు దశాబ్దమున పాలిపు ఉపరితలమునందలి సూక్ష్మరంధ్రముల అమరికను ఐదు తెగలుగా విభజించెను. గుండ్రని చుక్కలవలె నున్నచో అది సహజమైన పొర. నక్షత్రములవలె నున్నచో సాధారణముగా నిరపాయకరము. గొట్టములవలె సాగినను, కొమ్మలు కొమ్మలుగా చీలి మెలికలు తిరిగినను అడినోమా. అమరికయే చెడి చిందరవందరయైనచో క్యాన్సరును శంకింపవలెను. "చుక్కల ముగ్గు చెరిగిపోవడమన్న మాట" అని మా గృహిణి యనగా వైద్యురాలు నవ్వి, "అంతేనమ్మా" అనిరి.

తుది తీర్పు సూక్ష్మదర్శినిదే. గ్రంథికణములు హద్దు మీఱి పెరిగినచో అడినోమా. అందు గొట్టముల నిర్మాణమే మిక్కిలిగా నుండి, వ్రేళ్లవంటి పొడుగులు నాలుగవ పాలునకు తక్కువైనచో ట్యూబ్యులర్. ఆ వ్రేళ్లు మూడువంతులకు మించినచో విల్లస్. నడుమ నున్నది ట్యూబ్యులో విల్లస్. మాదీ మధ్యమము. ఇక డిస్‌ప్లేషియా యనగా కణముల క్రమభంగము. అడినోమా యనిపించుకొన్న ప్రతిదానిలో అది కొంత యుండియే తీరును. స్వల్పమైనచో లో గ్రేడ్, తీవ్రమైనచో హై గ్రేడ్. పది మిల్లీమీటర్లకు తక్కువ కానిదైనను, వ్రేళ్ల నిర్మాణము గలదైనను, తీవ్ర క్రమభంగము గలదైనను, ఈ మూటిలో నే యొక్కటి యున్నను దానిని ముదిరిన అడినోమాల లెక్కలో చేర్తురు. ముదిరినదనగా క్యాన్సరని గాదు. క్యాన్సరు త్రోవలో కొన్ని యడుగులు ముందు వేసినదని మాత్రమే. ఈ త్రోవలో జన్యువులు ఒక్కటొక్కటిగా చెడుచుండునని ఫియరన్, ఫోగెల్‌స్టైన్ అను శాస్త్రజ్ఞులు 1990లో వివరించిరి. సామాన్యముగా ఆ ప్రయాణమునకు పది సంవత్సరములో, అంతకెక్కువయో పట్టును. పాలిపులలో పెక్కు ఎన్నడును ఆ గమ్యమును చేరవు. కాని పెద్దప్రేగు క్యాన్సరులలో పెక్కు పాలిపులుగనే బయలుదేరినవి.

రెండవ పాలిపు, ఆ నాలుగు మిల్లీమీటర్లది, హైపర్‌ప్లాస్టిక్. మలాశయమున నుండు అట్టి చిన్నది ఎవరికిని కీడు చేయదు. ఒకే మనుష్యుని ప్రేగులో నొక జానెడు దూరమున రెండు మొలకలు. ఒకటి త్రోవన పడినది, మఱొకటి కదలనిది. కంటికి రెండును మాంసపు బుడిపెలే. నెత్తురు రెంటినుండియు నొకే రంగున వచ్చును. వీనిని, మొలలను, ముదిరిన క్యాన్సరును గూడ మన యిండ్లలో నొకే మాటతో పిలుచుచున్నాము.

తెగలు కలిసిపోయినచో నపాయ మెట్లుండునో వైద్యశాస్త్ర చరిత్రయే చూపుచున్నది. ఱంపపుపండ్ల అంచువంటి నిర్మాణము గల పాలిపులు కొన్ని కలవు. పూర్వము వీనినన్నిటిని హైపర్‌ప్లాస్టిక్ బుట్టలోనే వేసి, నిరపాయకరములని విడిచిపెట్టెడివారు. వీనిలో నొక తెగ, గోడకు బల్లపరుపుగా అంటుకొని, జిగురు కప్పుకొని కంటబడకుండ నుండునది, వేఱొక త్రోవన క్యాన్సరునకు దారితీయునని గడచిన శతాబ్దము చివరనుండి క్రమముగా తేలినది. దానికి పలు పేర్లు మార్చి మార్చి, 2019లో ప్రపంచ ఆరోగ్యసంస్థ విభాగగ్రంథమున 'సెస్సైల్ సెర్రేటెడ్ లీజన్' అని స్థిరపఱచిరి. బుట్ట మార్చినంతనే ఆ పాలిపు గలవారి భవిష్యత్తు మాఱినది. పండితులకే ఇట్టి పొరపాటు జరుగగా పామరుల మాట యేమి?

ఈ నీతికి మన సికిందరాబాదే సాక్షి. రొనాల్డ్ రాస్ మలేరియాను దోమలు మోయునా యని చూడ నారంభించి, రెండేండ్లపాటు కనబడిన దోమలనెల్ల కోసికోసి చూచి విసిగిపోయెను. అవి మలేరియాను మోయు జాతివి గావు. ఱెక్కలపై మచ్చలు గల వేఱొక తెగ దోమలు దొరకిన పిమ్మట, 1897 ఆగస్టు 20వ తేదీన, బేగంపేటలో, అట్టి దోమ జఠరపు గోడయందు తాను వెదకు పదార్థమును కనుగొనెను. శ్రమలో లోపము లేదు, సూక్ష్మదర్శినిలో లోపము లేదు. దోమయన్న ఒక్క మాట క్రింద రెండు తెగలు దాగియుండుటయే లోపము.

సంస్కృతము చదివిన వారమగుటచే సుశ్రుతుని మాట ఎత్తక మానలేము. ఆయన అర్శస్సులను ఆఱు విధములుగా విభజించెను. వాత, పిత్త, కఫ, రక్త, సన్నిపాతములవలన కలుగునవి ఐదు, పుట్టుకతో వచ్చునది ఒకటి. మలద్వారమునందలి మూడు వళులలో దేనియందు అంకురము పుట్టినదో చూచి సాధ్యాసాధ్యములను నిర్ణయించెను. ఔషధము, క్షారము, అగ్ని, శస్త్రము అని చికిత్సను నాలుగు విధములుగా చెప్పెను. ఇది నేటి విభాగమునకు సమానమని మేము వాదింపము. ఆయనకు సూక్ష్మదర్శిని లేదు. మేము మెచ్చునది వేఱొకటి. ఆ భాగమును పరీక్షించుటకై ఆవు చన్ను ఆకారమున, నాలుగంగుళముల పొడవున, లోహముతోగాని, దంతముతోగాని, కొమ్ముతోగాని, కఱ్ఱతోగాని చేయదగిన యంత్రమును ఆయన వర్ణించెను. చూచుటకు తగిన రంధ్రము లిట్లుండవలెను, పని చేయుటకు తగిన దిట్లుండవలెను అని విధించెను. అనగా ఆ ఋషికి సిగ్గు లేదు. చూడకుండ పేరు పెట్టుట ఆయనకు సమ్మతము గాదు. ఆయన చూపు నాలుగంగుళములు పోయెను, నేటి చూపు ఐదడుగులు పోవుచున్నది. నడుమ పుట్టిన మనము మాత్రము సదాచారమను పేర కన్నులు మూసికొనుచున్నాము.

మా పాఠశాలలో ఐదవ తరగతి బాలు డొకడు తఱచు నెత్తురు పోవుచుండగా, తల్లి వేడి చేసినదని బార్లీనీళ్లు పోయుచు, దిష్టి తీయుచు నొక సంవత్సరము గడపినది. పిల్లవాడు పాలిపోయి, ఆటల గంటలో నొకమూల కూర్చుండెడివాడు. వానికి జువెనైల్ పాలిపు అనునది బయటపడినది. చిన్నపిల్లలలో నొప్పి లేక నెత్తురు పడుటకు అది సాధారణ కారణము. ఒంటరిగా నున్నచో క్యాన్సరు భయము లేనిదే. దానిని తీసివేసిన నెలకు వాడు మరల పరుగులెత్తెను. అదే తెగ పాలిపులు ఐదో, అంతకెక్కువయో ఉన్నచో కథ వేఱు, వంశమునందలి జన్యులోపమును వెదకవలెను. చూచినవారికి ఈ భేదము తెలియును. బార్లీనీళ్లకు తెలియదు.

ఇంతకును ఈ విభాగము లెందుకు? భయపెట్టుటకా? మేమును మొదట అట్లే తలచితిమి. 'ముదిరిన' అను విశేషణము వినగానే మరణశాసన మనుకొంటిమి. వైద్యురాలు సవరించిరి. ఆ పేరు శిక్ష కాదు, గడువు. పది మిల్లీమీటర్లకు లోబడిన ట్యూబ్యులర్ అడినోమా ఒకటో రెండో ఉన్నవారు ఏడు మొదలు పదేండ్లకు మరల చూపించుకొనిన చాలునని 2020 నాటి అమెరికా వైద్యసంఘముల సూచన. మా వంటివారు మూడేండ్లకు రావలెను. పదికి మించి అడినోమాలున్నవారు ఏడాదికే రావలెను. తీయవలసినదానిని తీసి, పిలువవలసినవారిని పిలుచుటయే యీ శాస్త్ర ప్రయోజనము. అడినోమాలు తీయించుకొన్నవారిని పెక్కేండ్లు గమనించిన పరిశీలన యొకటి 2012లో అమెరికాలో వెలువడినది. సాధారణ జనులలో ఎదురుచూడదగిన లెక్కకంటె వారిలో పెద్దప్రేగు క్యాన్సరు మరణములు నూటికి 53 పాళ్లు తక్కువ.

పత్రమును మడచుచు వైద్యురాలు, "మీకు అన్నదమ్ములున్నారా సార్?" అని యడిగిరి. మా పాలిపునకును మా యన్నగారికిని సంబంధ మేమని తెల్లబోయితిమి. ముదిరిన అడినోమా గలవాని తోబుట్టువులును, సంతానమును, నలువదవ యేటనో, రోగి కది బయటపడిన వయస్సునకు పదేండ్లు ముందుగనో, ఏది ముందైన అప్పుడు, పరీక్షింపబడవలెనట. వారి విభాగమున కుటుంబము గూడ ఒక గుఱుతు. మన ప్రభుత్వము ఊరూర జరిపించు క్యాన్సరు పరీక్షలలో నోటిది, రొమ్ముది, గర్భాశయ ముఖద్వారమునది చేరియున్నవి, పెద్దప్రేగు లేదు. పాశ్చాత్య దేశములకంటె మనకీ వ్యాధి తక్కువ యగుటయు నొక కారణము కావచ్చును. కావున చెప్పవలసిన భారము ఇంటివారిదే.

అన్నగారికి టెలిఫోను చేసితిమి. "నాకేం లేదు తమ్మీ. నీ రోగం నాకు అంటగట్టకు" అని పెట్టివేసిరి. మరల చేసినచో వదినగారు ఎత్తి, పొలమునకు పోయినారనిరి. చివరకొక ఆదివారము పత్రమును సంచిలో పెట్టుకొని మేమే ఊరికి పోతిమి. వాకిటి వేపచెట్టు క్రింద మంచముపై కూర్చుండి, వైద్యురాలు గీచిన బొమ్మలను చూపుచు, కాడ యేది, గోడ యేది, తల యేది అంతయు వివరించితిమి. అన్నగారు చాలసేపు మాటాడలేదు. పిదప,

"నాయిన గూడ గిట్లనే పోయిండంటవా?" అని యడిగిరి.

"చెప్పలేము అన్నా. అప్పుడు ఎవరూ చూడలేదు."

వదినగారు లోపలికి పోవువఱకు ఆగి, నేలచూపులు చూచుచు అన్నగారు మెల్లగా అనిరి: "నాకు గూడ పడుతది తమ్మీ. రెండేండ్లయె. మొలలనుకున్న."

ఆ మాట విన్నప్పుడు మాకు కలిగిన వణకు మా పత్రమును చదివినపుడు కలుగలేదు. తండ్రి, అన్న, తమ్ముడు. ముగ్గురము ఒకే యింట, ఒకే మాటను, ఒకరికొకరము తెలియకుండ దాచుకొంటిమి. ఒక్కరు నోరు విప్పియుండినచో తక్కిన యిద్దఱకు దారి కనబడెడిది. ఆడువారైనచో ఈ దాపఱికము ఇంకెంత గాఢముగా నుండునో, మా అక్కగారిని ఎవరేమడిగిరో యని అప్పుడు తట్టినది. ఆ సాయంకాలమే ఆమెకును కబురు చేసితిమి.

ఆ వారముననే అన్నగారు బన్సీలాల్‌పేటకు వచ్చిరి. ఉప్పునీళ్లు త్రాగుచు మమ్ము తిట్టిరి. వారికి మూడు పాలిపులు కనబడినవి. రెండు చిన్నవి. మూడవది కాడగలది, 18 మిల్లీమీటర్లు, దాని తలలో హై గ్రేడ్ డిస్‌ప్లేషియా. క్యాన్సరుకు ముందటి మెట్టు. కాడ కోసిన చోట చెడుగు లేదు. ఇంకను రెండేండ్లు మొలలనుకొనియుండినచో నేమయ్యెడిదని మేమడుగగా, వైద్యురాలు, "అది ఎవరూ చెప్పలేరు సార్. ఇప్పుడు తీసేశాం కదా" అని మాత్రము చెప్పిరి. అక్కగారికి ఏమియు లేదు. మొలలును లేవు.

మా గృహిణి పంచాంగము చివరి తెల్లకాగితముపై మా యిరువుర పేర్ల కెదురుగా మూడేండ్ల తరువాతి సంవత్సరమును వ్రాసి పెట్టినది. అన్నగారి కుమారుల కెదురుగా వారికి నలువదియేండ్లు నిండు సంవత్సరమును, మా కుమార్తె కెదురుగా ముప్పదియాఱు నిండు సంవత్సరమును వ్రాసినది. పిల్లలకు కారణము గూడ చెప్పితిమి. వారు మాకంటె తక్కువ సిగ్గుపడిరి.

పాఠకులకు మా మనవి యొక్కటే. నెత్తురు పడిన ప్రతివానికిని క్యాన్సరు గాదు. పెక్కుమందికి అవి నిజముగా మొలలే. ఆ మాటను చెప్పవలసినది మాత్రము చూచినవారు. మీ యింట నెవరైన, తండ్రిగాని, అత్తగాని, భర్తగాని, 'ఏమియు లేదు, మొలలు' అనినపుడు, మా గృహిణి మమ్ము అడిగిన ప్రశ్ననే మీరును అడుగుడు: మొలలని మీకు ఎవరు చెప్పారు?